సెల్ఫ్ కొట్టినప్పుడు టకటకమను రిలే: లోపమెక్కడ?

(కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల రైతులకు ఉద్దేశించిన ప్రసంగ పాఠము)



పంటల సాగును గూర్చి చెప్పవలసిన నేను ఈ దినము ట్రాక్టరు బ్యాటరీని గూర్చి మాట్లాడుటకు కారణము గలదు. పోచారం ఆయకట్టు క్రింద ఎల్లారెడ్డి రైతు కాలువ నీరు రాగానే పొలమును దమ్ము చేయవలెను. కామారెడ్డి వైపు మెట్ట భూములలో మక్కకు పదును ఆరకముందే దుక్కి ముగియవలెను. మధ్యకాలిక వరి రకముల నారును 25-30 దినముల వయస్సులో నాటవలసి యుండగా, ట్రాక్టరు కదలక దమ్ము ఆలస్యమైనచో నారు ముదురును, పిలకలు తగ్గును. కనుక బండి స్టార్టు కాకపోవుట కూడ పంటకు సంబంధించిన సమస్యయే.

తాళము త్రిప్పగా ఇంజను తిరుగదు; టకటకమని శబ్దము మాత్రము వచ్చును. వెంటనే "రిలే పోయినది" అని క్రొత్తది కొనువారు గలరు. అదియు అట్లే కొట్టుకొనును. ఏలన, చాల సందర్భములలో లోపము రిలేలో ఉండదు. దానికి చాలినంత వోల్టేజి అందుట లేదనుటకు ఆ శబ్దము గుర్తు.

ఇది ఎట్లు జరుగునో చూడుడు. తాళము త్రిప్పగా రిలే కలిసి, సోలినాయిడు చుట్టకు కరెంటు పంపును. చుట్టలోని ఇనుప కడ్డీ లోనికి లాగబడి, పెద్ద కాంటాక్టులు కలియును. అప్పుడు సెల్ఫ్ మోటారు నూరు ఆంపియర్లకు పైగా ఒక్కసారి లాగును. బ్యాటరీ బలహీనమైనను, తీగల కొసలకు త్రుప్పు పట్టినను, ఆ క్షణమున వోల్టేజి పడిపోవును. చుట్టకు పట్టు చాలక స్ప్రింగు కాంటాక్టులను విడదీయును. బరువు తొలగగానే వోల్టేజి లేచి, అవి మరల కలియును. ఇట్లు సెకనుకు పలుమార్లు జరుగును. విడిన ప్రతిసారియు నిప్పురవ్వ లేచి కాంటాక్టులు కాలును. ఒక్కొక్కప్పుడు అవి అతుకుకొనిపోయి, తాళము తీసినను సెల్ఫ్ తిరుగుచునే యుండును. కావున శబ్దము వచ్చినప్పుడు తాళమును పదేపదే త్రిప్పరాదు.

గేరును న్యూట్రలులో నుంచి, బ్రేకు బిగించి, మల్టీమీటరుతో ఈ వరుసను పరీక్షింపుడు.

1. బండి కొన్ని గంటలు నిలిచియున్న తరువాత 12 వోల్టుల బ్యాటరీని కొలువుడు. సుమారు 12.6 ఉన్నచో నిండుగా ఉన్నట్లు; 12.0 ఉన్నచో చాలవరకు ఖాళీ అయినట్లు.

2. మరియొకరు తాళము త్రిప్పుచుండగా బ్యాటరీ సీసపు మొనల మీదనే కొలువుడు. అంకె ఊగుచుండును, అన్నిటికంటె తక్కువ అంకెను చూడవలెను. సుమారు 9.6కు దిగువకు పోయినచో బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేయించి మరల చూడుడు. అప్పుడును అట్లే ఉన్నచో బ్యాటరీ పని అయిపోయినది.

3. బ్యాటరీ నిలిచినను టకటక ఆగనిచో తీగలను చూడవలెను. తాళము త్రిప్పుచుండగా బ్యాటరీ నెగటివు మొన నుండి ఇంజను దిమ్మకు కొలువుడు. అర వోల్టుకు మించినచో ఎర్తు తీగలో లోపమున్నది. అట్లే పాజిటివు మొన నుండి సోలినాయిడునకు బ్యాటరీ తీగ చేరు పెద్ద బోల్టు వరకు చూడుడు.

4. ఇవన్నియు బాగున్నచో సోలినాయిడు చిన్న తీగ వద్ద కొలువుడు. వోల్టేజి తక్కువైనచో తాళపు స్విచ్చి, న్యూట్రలు స్విచ్చి, రిలే, వీని కొసలు చూడవలెను. వోల్టేజి బాగుండియు కడ్డీ లాగి విడుచుచున్నచో, దానిని పట్టి ఉంచు లోపలి చుట్ట తెగియుండవచ్చును. అప్పుడే సోలినాయిడు మార్చవలెను.

బ్యాటరీ మొనలకు తెల్లగానో పచ్చగానో పొడి పట్టినచో, నెగటివు తీగను ముందు విప్పి, తినే సోడా కలిపిన నీటితో కడిగి ఆరబెట్టి, బిగించి, వాసెలిను పూయుడు. సోడా నీరు బ్యాటరీ లోనికి పోరాదు. బిగించునప్పుడు నెగటివును చివర కలుపవలెను. బ్యాటరీ నుండి మండు వాయువు వెలువడును గనుక దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండరాదు.

చివరగా ఒక ముఖ్య హెచ్చరిక. నేల మీద నిలిచి స్క్రూడ్రైవరుతో సోలినాయిడు బోల్టులను కలిపి బండి స్టార్టు చేయు అలవాటు చాల ప్రమాదకరము. అట్లు చేసినచో న్యూట్రలు స్విచ్చి కాపాడదు. గేరు పడియున్నచో ఇంజను అందుకొనగానే పెద్ద చక్రము మనిషి మీదికి వచ్చును. చేతి హ్యాండిలు ఎదురుతన్ని మనుషులు గాయపడుచుండిన రోజులలో, 1912లో కాడిలాక్ కార్లకు విద్యుత్ సెల్ఫ్ స్టార్టరు అమర్చబడినది. మనిషి రక్షణకై వచ్చిన పరికరమును ప్రాణాపాయముగా మార్చుకొనరాదు. ఎంత తొందర ఉన్నను సీటు మీద కూర్చుండియే తాళము త్రిప్పుడు. దమ్ము పనులు మొదలగుటకు పక్షము ముందే బ్యాటరీని, తీగల కొసలను ఒక్కసారి పరీక్షించుకొనుడు.