విలుకాండ్ర సంఘము – జింకలు – రైతులు



చేను వేసినవాడికి ఆకాశంతోను, అంగడితోను ఉన్న పేచీలు చాలవన్నట్లు అడవి మృగాలతో కూడా ఒక పేచీ ఉన్నది. మొక్కజొన్న కంకి పాలుపోసుకునే వేళకు అడవిపంది దిగుతుంది. వేరుశనగ కాయ పట్టేసరికి సాళ్ళు సాళ్ళే తిరగదోడి పోతుంది. రాత్రంతా మంచెమీద కూర్చుని డబ్బా వాయించడం మనకు కొత్తకాదు. అయితే ఈ బాధ మనకొక్కరికే లేదు. ఈనాడు అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం సంగతి చెప్పుకుందాము. అక్కడ పైరు మేసేది జింక. ఆ జింకలను విల్లంబులతో వేటాడేవారు సంఘాలు పెట్టుకున్నారు. వేటగాళ్ళ సంఘం జింకలను కాపాడటమేమిటి, దానివల్ల రైతుకు ఒరిగినదేమిటి అని మీరడుగవచ్చును. అదే నేటి ప్రసంగ విషయం.

ఒక్క మాట ముందుగానే మనవి చేయాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవి జంతువును వేటాడటం నేరం. కనుక ఇది విని ఎవరూ విల్లు పట్టవద్దు. మనం నేర్చుకోవలసినది విలువిద్య కాదు, వారు సంఘం నడిపిన తీరు.

విస్కాన్సిన్ పాడికి పేరుపొందిన రాష్ట్రం. రైతులు మొక్కజొన్న, సోయా చిక్కుడు, పశువులకు లూసర్న్ వేస్తారు. పొలాల మధ్య అడవి తునకలు తునకలుగా ఉంటుంది. తెల్లతోక జింకకు ఇంతకంటె అనుకూలమైన చోటు లేదు. పగలు అడవిలో దాగి, చీకటి పడగానే చేలో దిగుతుంది. పెరిగిన జింక రోజుకు సుమారు 3 కిలోల మేత మేస్తుంది. మంచి మేత దొరికితే ఆడజింక తరచు కవలలనే ఈనుతుంది. మంద ఎంత త్వరగా పెరుగుతుందో పశువులను సాకే మీకు నేను చెప్పనక్కరలేదు.

కాని ఒకప్పుడు ఈ జింకే కనుమరుగు కావలసి వచ్చింది. 19వ శతాబ్దంలో మాంసానికి, తోళ్ళకు అంగడి ఉన్నదని అడ్డూ ఆపూ లేకుండా చంపారు. అడవులు నరికారు. 1900 నాటికి దేశం మొత్తంమీద తెల్లతోక జింకలు 5 లక్షలకు మించలేదని అంచనా. అదే కాలంలో ఆకాశాన్ని కప్పుతూ ఎగిరిన బాటసారి పావురాలు పూర్తిగా నశించాయి. వాటిలో చివరిది 1914లో సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చనిపోయింది. ఆ దెబ్బతో అమెరికా వారికి కళ్ళు తెరుచుకున్నవి. అమ్మకానికి వేటాడటం ఆపారు, వేటకు రుతువులు పెట్టారు, లైసెన్సులు పెట్టారు. ఈనాడు ఆ దేశంలో తెల్లతోక జింకలు సుమారు 3 కోట్లు. ఒక్క విస్కాన్సిన్‌లోనే 15 లక్షలకు పైబడి ఉన్నవి.

ఇందులో విల్లు ఎట్లా వచ్చిందో చూడండి. బాణమంటే మనకు నల్లమల చెంచులు గుర్తుకు వస్తారు. అమెరికాలో కూడా ఆ విద్య ఆదివాసుల నుంచే తిరిగి వచ్చింది. 1911లో కాలిఫోర్నియాలో యాహీ తెగకు చెందిన ఒకడు, తనవారందరూ పోగా ఒంటరిగా మిగిలి, ఊళ్ళోకి వచ్చాడు. అతనిని ఇషీ అని పిలిచారు. అతనికి వైద్యం చేసిన డాక్టరు శాక్స్టన్ పోప్ అతని దగ్గర విల్లు చెక్కడం, బాణం వేయడం నేర్చుకున్నాడు. 1916లో ఇషీ మరణించాడు. 1923లో పోప్ విల్లంబుల వేటపై ఒక పుస్తకం ప్రకటించాడు. పోప్, ఆయన మిత్రుడు ఆర్థర్ యంగ్ చేసిన వేటల వల్ల ఆ విద్యకు దేశమంతటా ప్రచారం వచ్చింది.

తుపాకి ఉండగా విల్లెందుకు? బాణం గురి సాధారణంగా 20, 30 గజాలకు మించదు. అంత దగ్గరకు పోవాలంటే జింక నడిచే దారి, గాలివాటు, మేత వేళ అన్నీ తెలిసి ఉండాలి. ఎక్కువ మంది వేటాడినా చచ్చే జంతువులు తక్కువ. చప్పుడు ఉండదు, తూటా దూరం పోయి మనుషులకు తగిలే భయం తక్కువ. ఈ కారణాలు చెప్పి విలుకాండ్రు ప్రత్యేక రుతువు అడిగారు. 1934లో విస్కాన్సిన్ ప్రభుత్వం విల్లుతో జింకల వేటకు రుతువు తెరచింది. ఆధునిక కాలంలో ఇట్టి రుతువు మొదట పెట్టిన రాష్ట్రం అదే. అడవుల శాస్త్రజ్ఞుడు ఆల్డో లియోపోల్డ్ కూడా ఆ రాష్ట్రంలో విల్లు పట్టినవాడే.

రుతువు వచ్చినంతమాత్రాన తగవు తీరలేదు. “బాణం జింకను చంపదు, గాయపరచి వదులుతుంది” అని ఎదిరించినవారు చాలామంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. చేతగానివాడు వేస్తే జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో చస్తుంది. అప్పుడు సంఘాలు చేసిన పని గమనించండి. విమర్శించినవారిని తిట్టడంతో సరిపెట్టుకోలేదు. తమవారిని దిద్దుకున్నారు. ఎంత దూరానికి మించి వేయరాదు, గాయపడిన జంతువును ఎట్లా వెదకాలి, ఏ పద్ధతి న్యాయమైన వేట, ఏది కాదు అని నియమాలు వ్రాసుకున్నారు. 1961లో గ్లెన్ సెయింట్ చార్లెస్ అనే ఆయన పోప్, యంగ్‌ల పేరిట ఒక క్లబ్బు పెట్టి, న్యాయంగా వేటాడిన జంతువుల కొలతలు లెక్కకట్టి నమోదు చేయించాడు. విల్లు వేటకు పనికివచ్చే సాధనమేనని రుజువు చూపడం దాని ఉద్దేశాలలో ఒకటి. 1979లో విలుకాండ్రకు శిక్షణ ఇచ్చేందుకే జాతీయ స్థాయిలో ఒక సంస్థ ఏర్పడింది. మాటకు మాట కాక, మాటకు లెక్క చూపడం వారి పద్ధతి.

ఇక డబ్బు సంగతి. ఇది మన విస్తరణ కార్యకర్తలు జాగ్రత్తగా వినవలసిన భాగం. 1937లో అమెరికా ప్రభుత్వం పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం చేసింది. తుపాకులు, తూటాలు తయారుచేసేవారి దగ్గర వసూలయ్యే ఎక్సైజు పన్నును వన్యప్రాణుల పనికే కేటాయించారు. 1972లో విల్లంబుల సామాగ్రిని కూడా ఈ ఏర్పాటులోకి తెచ్చారు. పోగైన డబ్బును రాష్ట్ర వైశాల్యాన్ని బట్టి, లైసెన్సుదారుల సంఖ్యను బట్టి పంచుతారు. పనికి అయ్యే ఖర్చులో కేంద్రం మూడు పాళ్ళు, రాష్ట్రం ఒక పాలు. అయితే ఒక గట్టి షరతు ఉన్నది: వేట లైసెన్సుల మీద వచ్చిన రుసుమును రాష్ట్రం మరే పనికీ మళ్ళించరాదు. మళ్ళిస్తే కేంద్రం వాటా పోతుంది. చెరువు మరమ్మతు పేరిట వసూలైన డబ్బు చెరువుకే ఖర్చు కావాలని మనం కోరడం లేదా, ఇదీ అట్లాంటిదే. విల్లు కొన్నవాడు అడవికి పన్ను కట్టినవాడవుతాడు. కట్టినవాడు లెక్క అడుగుతాడు. లెక్క అడిగేవాడున్నచోట డబ్బు దారి తప్పడం కష్టం.

అడగడానికి చోటు కూడా ఉండాలి గదా. విస్కాన్సిన్‌లో 1934లోనే కన్సర్వేషన్ కాంగ్రెస్ అనే ప్రజాసభ ఏర్పడింది. రాష్ట్రంలో 72 కౌంటీలు. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. ఒక్కొక్క కౌంటీకి అయిదుగురు ప్రతినిధులు, మొత్తం 360 మంది. వసంతకాలంలో ప్రతి కౌంటీలోనూ వేట, చేపలు, అడవి విషయాలపై ప్రజల అభిప్రాయం తీసుకుంటారు. రైతు గాని, వేటగాడు గాని, వేట వద్దనేవాడు గాని, ఎవరైనా తీర్మానం ప్రతిపాదించవచ్చు, ఓటు వేయవచ్చు. ఆ సభకు ఆజ్ఞాపించే అధికారం లేదు, సలహా ఇచ్చే అధికారమే. కాని ఇన్ని ఊళ్ళ మాట ఒక్కటైతే ప్రభుత్వం తేలికగా తోసివేయలేదు. విలుకాండ్ర సంఘంవారు రుతువు విషయం గాని, అడవి విషయం గాని తమ వాదన చెప్పుకోవడానికి ఇటువంటి వేదికలు ఉన్నవి.

ఇప్పుడు రైతు మాటకు వద్దాము. వేటగాడికీ రైతుకూ అసలైన పేచీ ఒకటి ఉన్నది, దానిని దాచకూడదు. వేటగాడికి అడవినిండా జింకలు కావాలి, కొమ్ములున్న మగజింక కావాలి. రైతుకు జింకలు తగ్గాలి. తగ్గాలంటే ఆడజింకను వేటాడాలి. మందలో పోతులను తగ్గిస్తే ఈతలు తగ్గవు, పెయ్యలను తగ్గిస్తేనే తగ్గుతవి. 1943లో లియోపోల్డ్ మొదలైనవారు ఆడజింకల వేటకు అనుకూలించినందుకు జనం వారిమీద మండిపడ్డారు. 1996 నుంచి కొన్ని ప్రాంతాలలో “ముందు కొమ్ములు లేని జింకను వేటాడు, ఆ తరువాతనే కొమ్ముల జింక” అనే నియమం పెట్టారు. జింకలు తగ్గడానికి అది పనిచేసింది గాని వేటగాళ్ళకు కంటకమైంది. 2011లో దానిని రద్దు చేయించుకున్నారు. సంఘబలం అన్నివేళలా రైతుకు మేలే చేస్తుందని అనుకోరాదని దీనివల్ల తెలుస్తున్నది. 2014లో కౌంటీల స్థాయిలో జింకల సలహా మండళ్ళు ఏర్పడినప్పుడు వేటగాళ్ళతోబాటు వ్యవసాయానికి, అడవికి, రోడ్డు రవాణాకు కూడా చోటిచ్చారు. ఒకే బల్ల చుట్టూ కూర్చోవలసి వస్తే ఎదుటివాని నష్టం తెలియక తప్పదు.

పేచీ తీర్చడానికి వారు చేసిన మరొక ఏర్పాటు మనకు ఆశ్చర్యం కలిగిస్తుంది. అక్కడ జింక పైరు మేస్తే నష్టపరిహారం ఉన్నది. ఆ డబ్బు ఎక్కడిది? వేట లైసెన్సుపై వేసిన చిన్న అదనపు రుసుము, ఆడజింకల అదనపు అనుమతులు అమ్మగా వచ్చిన సొమ్ము. అంటే జింక కావాలన్నవాడే జింక చేసిన నష్టానికి చెల్లిస్తున్నాడన్నమాట. రైతు కూడా ఒక పని చేయాలి: తన పొలంలో వేటకు దారి ఇవ్వాలి. ముందుగా నష్టం చూపించాలి, కంచె మొదలైన జాగ్రత్తలు తీసుకోవాలి. 2000 నుంచి వేటగాళ్ళు తమకు మించిన మాంసాన్ని బీదలకు ఇచ్చే ఏర్పాటు కూడా జరిగింది. కోసి శుభ్రపరచే కూలి ఈ పథకం నుంచే ఇస్తారు.

జబ్బు విషయం కూడా చెప్పాలి. 1967లో కొలరాడోలో కట్టివేసి పెంచుతున్న జింకలలో ఒక క్షయించే జబ్బు కనబడింది. జంతువు చిక్కి శల్యమై చస్తుంది. మందు లేదు. జబ్బు బీజం మట్టిలో ఏండ్ల తరబడి ఉంటుంది. 2002లో అది విస్కాన్సిన్‌లో బయటపడింది. జింకలను ఒకచోట మేత పోసి గుమికూడేట్లు చేస్తే అంటు పెరుగుతుంది గనుక, జబ్బున్న ప్రాంతాలలో మేత పోయడాన్ని, ఎర పెట్టడాన్ని నిషేధించారు. ఎర పెట్టి వేటాడటం అలవాటైనవారికి ఇది రుచించలేదు. అయినా వేటాడిన జింక తలను పరీక్షకు ఇచ్చేవాడు వేటగాడే గనుక, వాని సహాయం లేనిదే జబ్బు ఎంతవరకు వ్యాపించిందో ప్రభుత్వానికి తెలియదు. పశువుల జబ్బులలో కూడా ఇంతే గదా. దాచినవాడి కొట్టంతో అది ఆగదు.

సరే, ఇందులో మనకు పనికివచ్చేదేమిటి?

మొదటిది, లెక్క. “పందులు చేనంతా తిన్నవి” అంటే ఎవరూ కదలరు. ఏ తేదీన, ఏ సర్వే నంబరులో, ఎన్ని సెంట్లు పోయినదో వ్రాసి, ఫోటో తీయించి, అటవీ, వ్యవసాయ, రెవెన్యూ అధికారులకు అర్జీ ఇవ్వాలి. విస్తరణ కార్యకర్త ఊరంతటికీ ఒక పుస్తకం పెట్టిస్తే మేలు.

రెండవది, ఒక్క నోటి మాట. పదిమంది పది దిక్కుల మొరపెట్టుకునేకంటె గ్రామసభ తీర్మానం మిన్న. పైరుకు ప్రమాదమైన కొన్ని జంతువుల విషయంలో వ్రాతపూర్వకంగా అనుమతి ఇచ్చే అధికారం వన్యప్రాణి అధికారులకు చట్టంలోనే ఉన్నది. అడగవలసినవారిని, అడగవలసిన పద్ధతిలో అడగాలి.

మూడవది, తనవారిని దిద్దుకోవడం. పందికోసమని చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. ఆ తీగకు పంది, మనిషి అనే భేదం లేదు. తెల్లవారుజామున నీరు పెట్టబోయిన పొరుగు రైతు పడిపోతాడు. ఎద్దు పడిపోతుంది. తీగ లాగినవాడు జైలుకు పోతాడు. ఒక పంటను కాచుకోబోయి రెండు కుటుంబాలు కూలుతున్నవి. దీనిని పోలీసులు మాన్పించేకంటె ముందు ఊరివారే మాన్పించాలి. విలుకాండ్రు తమలో చేతగానివానిని ఎట్లా అదుపులో పెట్టుకున్నారో, మనమూ అట్లాగే “మా ఊళ్ళో కరెంటు తీగ లేదు” అని చెప్పుకోగలిగిననాడు మన అర్జీకి బలం వస్తుంది. ఈలోగా మొక్కజొన్న చుట్టూ నాలుగు వరుసల ఆముదం, వేరుశనగ చుట్టూ ముండ్లున్న కుసుమ వేయండి. స్తోమత ఉన్నవారు ప్రాణహాని చేయని సోలారు కంచె వేసుకోవచ్చు. ఒక్కడు వేస్తే పంది పక్క చేలో దిగుతుంది, పదిమంది కలసి వేస్తే మేలు.

జంతువు బ్రతకాలి, చేనూ బ్రతకాలి. రెండింటికీ దారి ఉన్నదని, అయితే ఆ దారి ఒంటరిగా నడిచేది కాదని విస్కాన్సిన్ వారి అనుభవం చెబుతున్నది. ఈ వారం మీ గ్రామసభలో ఈ కరెంటు తీగల మాట ఒక్కటైనా ఎత్తవలసిందిగా కోరుతున్నాను.