హేవలాక్ వంతెన: రిటైరైనా మనదే

(మదీనత్ ఖలీఫాలో చేసిన ప్రసంగ పాఠం)



దోహాకు 2019లో మెట్రో వచ్చింది. ఇక్కడ పెరిగే మన పిల్లలకు రైలంటే అదే. వాళ్ళకి ఈ పూట ఒక పాత రైలు కట్టడాన్ని పరిచయం చేస్తాను. అది రాజమండ్రి హేవలాక్ వంతెన.

1890లలో తూర్పు తీరం వెంట రైలుమార్గం వేశారు. కానీ గోదావరి దగ్గర దారి తెగిపోయేది. కొవ్వూరులో దిగి, మూటాముల్లెలతో ఏరు దాటి, ఇవతల మళ్ళీ రైలెక్కాలి. 1897లో వంతెన పని మొదలైంది. ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్. కాశీలో గంగమీద 1887లో తెరిచిన డఫరిన్ వంతెన కూడా ఆయన కట్టించిందే. ఇసుకలో బావులు దింపి, వాటిమీద రాతి స్తంభాలు లేపి, ఉక్కు గర్డర్లు పరిచారు. మొత్తం 56 స్పాన్లు, ఒక్కొక్కటి 150 అడుగులు. 1900లో, విక్టోరియా రాణి బతికుండగానే, రైళ్ళు నడిచాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు.

అక్కడి నుంచి 97 ఏళ్ళు ఆ ఒంటి లైను బరువు మోసింది. కిటికీలోంచి గోదారమ్మకు చిల్లర వేసి దణ్ణం పెట్టుకున్న తరాలన్నీ దానిమీదుగా వెళ్ళినవే. 1974లో రోడ్డు-రైలు వంతెన తోడొచ్చింది. 1991-97 మధ్య కాంక్రీటు ఆర్చి వంతెన కట్టారు. 56 స్పాన్లు పట్టినచోట దానికి 28 సరిపోయాయి. 1997లో పాతదానికి విశ్రాంతి ఇచ్చారు.

మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో పాత సిస్టమ్‌ను ఆపేసేముందు అందులోని డేటాను భద్రం చేస్తాం. వంతెన విషయంలో ఆ డేటా ఏది? ఇనుము కాదు, మనుషుల జ్ఞాపకాలు. గవర్నరు పేరు నిలిచింది, ఇంజనీరు పేరు పుస్తకాలకెక్కింది. బావుల్లో ఇసుక తోడిన కూలీల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ఎండలో కట్టడాలు లేపే మనవాళ్ళున్న ఈ దేశంలో ఆ ప్రశ్న మనకు మరీ దగ్గరిది.

2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. దానికింద ఈ వంతెనను పర్యాటక స్థలంగా తీర్చిదిద్దాలని తలపెట్టారు. సంతోషమే. అయితే దీపాలు, ఫలహారశాలలతోపాటు దాని చరిత్ర చెప్పే గది ఒకటుండాలి. ఆ గదిలో పెట్టడానికి మన దగ్గర ఏముంది? ఈసారి ఊరెళ్ళినప్పుడు ఇంట్లో పెద్దలను కూర్చోబెట్టి అడగండి. రైల్వేలో చేసిన తాతగారుంటే ఆయన మాటలు రికార్డు చేయండి. పాత ఫోటోలుంటే దాచండి.

వంతెన ఇంకా నిలబడే ఉంది. చెప్పగలిగే పెద్దలు మాత్రం ఎంతోకాలం ఉండరు.