ఫోన్ ఒకటి, పనులు ఐదు

(బహదూర్‌పురాలో జరిగిన యువ సభ్యుల సమావేశంలో మన సంఘం విద్యా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మనలో కొందరం ఆదిలాబాద్ గూడేల నుంచి, కొందరం భద్రాచలం వైపు నుంచి, కొందరం నల్లగొండ, మహబూబ్‌నగర్ తండాల నుంచి చదువు కోసమో, పని కోసమో ఈ నగరానికి వచ్చాం. ఇంట్లో గోండి, కోయ, కొలామి, గోర్ బోలి. బడిలో తెలుగు, ఇంగ్లీషు. గడప దాటి ఈ వీధిలో అడుగుపెడితే దక్కనీ ఉర్దూ. నాలుగు భాషల మధ్య తిరిగే పిల్ల నిజానికి తెలివైన పిల్ల. కానీ తరగతిలో వెనక బెంచీలో మౌనంగా కూర్చుంటుంది. అడిగితే తలవంచుకుంటుంది. పక్కవాళ్లు ‘దానికి రాదు’ అనేస్తారు. కొన్నాళ్లకు ఆ మాటను ఆ పిల్ల కూడా నమ్ముతుంది. బడి మానేయడానికి తొలి మెట్టు అదే.

ఈ పిల్ల నోరు తెరిపించడానికి ఇవాళ మన చేతుల్లో ఉన్న ఫోన్, కంప్యూటర్ పనికొస్తాయా? దాని గురించే ఈ నాలుగు మాటలు. మేము నమ్మేది ముందే చెప్పేస్తాం. ఫోన్ ఇస్తే చదువు రాదు. నలుగురైదుగురు పిల్లలు కలిసి కూర్చుని, ఒక్కొక్కరికి ఒక్కో పని ఉండి, ఆ పనికి ఫోన్ సాయపడితే చదువు లోతుగా దిగుతుంది.

ఈ మాట చెప్పడానికి బహదూర్‌పురా సరైన చోటే. 2000ల మొదట్లో జేమ్స్ టూలీ, పౌలిన్ డిక్సన్ అనే ఇద్దరు పరిశోధకులు హైదరాబాద్‌లో బహదూర్‌పురా, బండ్లగూడ, రాజేంద్రనగర్ ప్రాంతాల పేద బస్తీల్లో బడులను లెక్కపెట్టించారు. 918 బడులు తేలాయి. వాటిలో దాదాపు 60 శాతం ఏ ప్రభుత్వ సాయమూ లేని ప్రైవేటు బడులు. రిక్షా తొక్కేవాళ్లు, కూలికి వెళ్లేవాళ్లు కూడా కడుపు కట్టుకుని ఫీజు కడుతున్నారు. ఎందుకంటే పిల్లలకు ఇంగ్లీషు రావాలి. మన తల్లిదండ్రుల ఆశ కూడా అదే కదా!

ఆ రోజుల్లోనే, ఈ నగరంలోనే ఇంకో ప్రయోగం జరిగింది. సుగత మిత్ర, టూలీ, పరుల్ ఇనాందార్, డిక్సన్ కలిసి చేసిన ఆ ప్రయోగం ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. పదహారుమంది పిల్లలు, ఐదు నెలలు. వాళ్లకు ఇచ్చింది ఇంగ్లీషు నేర్పే ఒక సాఫ్ట్‌వేర్, కొన్ని ఇంగ్లీషు సినిమాలు, మాటను విని అక్షరాల్లోకి మార్చే ఇంకో సాఫ్ట్‌వేర్. పిల్ల ఒక మాట పలుకుతుంది. కంప్యూటర్ తాను విన్నది తెర మీద చూపిస్తుంది. పలుకు సరిగా లేకపోతే వేరే మాట వస్తుంది. మళ్లీ పలకాలి. పెద్దల జోక్యం చాలా తక్కువ. పిల్లలు గుంపులుగా కూర్చుని వాళ్లంతట వాళ్లే సాధన చేశారు. ఐదు నెలల్లో పలుకు మెరుగుపడింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అదే సుగత మిత్ర 1999లో ఢిల్లీ కల్కాజీలో ఒక గోడకు కన్నం పెట్టి, అందులో కంప్యూటర్ అమర్చి, పక్క బస్తీ పిల్లలకు వదిలేశారు. పిల్లలు ఎవరూ నేర్పకుండానే మౌస్ కదపడం, తెర మీద తిరగడం నేర్చుకున్నారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. కానీ అక్కడికి వెళ్లి చూసిన మార్క్ వార్షావర్ అనే పరిశోధకుడు వేరే సంగతులు కూడా రాశారు. ఇంటర్‌నెట్ సరిగా పనిచేసేది కాదు. పిల్లలకు వచ్చిన హిందీలో పాఠాలేవీ లేవు. ఎక్కువ సమయం ఆటలకూ, బొమ్మలు గీయడానికీ పోయింది.

రెండు చోట్లా కంప్యూటర్ ఉంది, పిల్లలున్నారు. హైదరాబాద్‌లో వాటితోపాటు ఒక స్పష్టమైన పని ఉంది, తప్పు పలికితే వెంటనే చెప్పే ఏర్పాటు ఉంది. మన ఇళ్లలో ఫోన్ పట్టుకున్న పిల్లలు రీల్స్ వైపు జారిపోతున్నారంటే తప్పు వాళ్లది కాదు. ఫోన్‌తో పాటు మనం పని ఇవ్వలేదు.

కరోనా కాలం గుర్తుందా? 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చాయి. బడులు మూతపడ్డ రోజుల్లో అది పెద్ద ఆసరా. అయితే టీవీ చెబుతూ పోతుంది, ‘ఆగండి సార్, అర్థం కాలేదు’ అనే వీలుండదు. ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో అది ముందు అన్నయ్య చేతికి వెళ్లింది, చెల్లెలి వంతు రానేలేదు.

పని పంచడం అంటే ఏమిటో చూద్దాం. 1971లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, ఆస్టిన్ నగరంలో తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లలను మొదటిసారి ఒకే తరగతిలో కూర్చోబెట్టారు. గొడవలయ్యాయి. ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ఉపాయం చెప్పారు. పాఠాన్ని ముక్కలు చేసి, గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. ఎవరి ముక్క వాళ్లే నేర్చుకుని మిగతావాళ్లకు చెప్పాలి. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద. ఇప్పుడు ఇంగ్లీషు తడబడే పిల్లవాడిని వెక్కిరిస్తే నష్టం ఎవరికి? వాడి దగ్గరున్న ముక్క మీకు అందదు. కాబట్టి ఓపిగ్గా వినాలి, అడగాలి, మాట అందించాలి. దీన్ని జిగ్‌సా పద్ధతి అంటారు. వెనక బెంచీ పిల్ల చేతిలో అందరికీ కావలసినది ఒకటి పెట్టడమే ఇందులోని కిటుకు.

దీన్ని మన దగ్గర ఎలా చేయాలి? ఇక్కడికి దగ్గరలోనే, జూపార్కు పక్కన మీర్ ఆలం చెరువు ఉంది. రెండు వందల ఏళ్ల నాటి దాని కట్ట తిన్నగా ఉండదు, 21 కమానులు పక్కపక్కనే నిలబెట్టినట్టు ఉంటుంది. ‘ఎందుకలా కట్టారు?’ ఇదీ పాఠం. ఐదుగురు పిల్లలు, ఒక ఫోన్, ఐదు పనులు.

మొదటి పిల్ల అడిగేది. ‘తిన్నని గోడ కడితే ఏమయ్యేది? నీళ్లు ఎటు తోస్తాయి?’ అని ప్రశ్నలు తయారుచేస్తుంది. రెండో పిల్లవాడు వెతికేవాడు. ఫోన్ అతని చేతిలోనే ఉంటుంది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో దీక్షలో చూస్తాడు, టీ-శాట్ పాఠాలు చూస్తాడు, కట్ట ఫొటో తీస్తాడు. మూడో పిల్ల సరిచూసేది. దొరికిన మాట ఎవరు చెప్పారు, ఇంకోచోట కూడా అలాగే ఉందా అని నిలదీస్తుంది. వాట్సాప్‌లో వచ్చినదైనా, కృత్రిమ మేధ చెప్పినదైనా ఈ పిల్ల ఒప్పుకోనిదే పుస్తకంలోకి ఎక్కదు. నాలుగో పిల్లవాడు రాసేవాడు, రికార్డు చేసేవాడు. ఐదో పిల్ల చెప్పేది. కమాను మీద పడిన నీటి తోపుడు దాని వంపు వెంబడి రెండు పక్కల ఉన్న దిమ్మెల్లోకి దిగుతుందని, అట్టముక్కను వంచి నిలబెట్టి, చేత్తో నొక్కి చూపిస్తుంది.

వచ్చే వారం పనులు మారాలి. ఈ నియమం తప్పకూడదు. లేదంటే గట్టిగా మాట్లాడేవాడే ఎప్పుడూ చెబుతాడు, ఆడపిల్ల ఎప్పుడూ రాస్తూనే ఉంటుంది. ఫోన్ పట్టే వంతు ప్రతి ఆడపిల్లకూ రావాలి.

ఇక మన భాష సంగతి. గోండి మాట్లాడే ఇంట్లో నీళ్లను ‘యేర్’ అంటారు. తెలుగులో పారే నీటిని ‘ఏరు’ అంటారు. గోండి అంకెలు ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్. ఊరిని బట్టి పలుకు కాస్త మారుతుంది. తెలుగు రెండు, మూడు, నాలుగు పక్కన పెట్టి చూడండి. ‘ఉండి’ పక్కన కన్నడ ‘ఒందు’ పెట్టండి. ఇవన్నీ ఒకే తల్లి బిడ్డలని తరగతికి చెప్పగలిగేది ఎవరు? వెనక బెంచీలో కూర్చున్న ఆ గోండు పిల్లే. తండా పిల్లవాడి గోర్ బోలి రాజస్థానీకి, హిందీకి దగ్గర. వాడి ‘పాణీ’ ఈ వీధిలో వినపడే ‘పానీ’ని ఇట్టే పట్టుకుంటుంది. బడి ఏనాడూ అడగని తెలివి ఇది. అడిగే పని ఒకటి పెడితే ఆ పిల్లలే ఆ రోజు పంతుళ్లు.

ఇది కొత్త మాటేమీ కాదు. 1943లో నిజాం పాలనలో, హైమెండార్ఫ్ చొరవతో, నేటి ఆసిఫాబాద్ జిల్లాలోని మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. గోండు పిల్లలకు గోండు యువకులే పంతుళ్లయ్యారు. ఆనాడు వాళ్ల చేతిలో ఉన్నవి పలక, బలపం, ఆ వాచకం. మన చేతిలో ఇంకా చాలా ఉన్నాయి. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంతకు ముందు ఏడాది మసరాం గోండి లిపి చేరింది. రెండింటికీ ఉచిత నోటో ఫాంట్లు ఉన్నాయి. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ‘ఆది వాణి’ అనువాద యాప్ తొలి రూపాన్ని విడుదల చేసింది. మొదటి విడత భాషల్లో గోండి ఒకటి.

యంత్రం మన మాట నేర్చుకోవాలంటే ఆ మాట ముందు మన నోట్లో ఉండాలి. దేశంలో గోండి మాట్లాడేవాళ్లు 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 30 లక్షలు. లెక్క పెద్దదే. కానీ నగరంలో పుట్టిన పిల్లలు అమ్మమ్మతో ఫోన్‌లో ఏ భాషలో మాట్లాడుతున్నారు? ఎవరింట్లో వాళ్లు ఆలోచించండి. రికార్డు చేసే పని ఉన్న పిల్లవాడు వారానికి ఒక్కసారి ఊరికి ఫోన్ చేసి, పాఠంలోని పది మాటలు ఇంటి భాషలో అడిగి తెస్తే, సైన్సు పాఠమూ లోతుగా దిగుతుంది, అమ్మమ్మ మాటా మిగులుతుంది.

జాగ్రత్తలు రెండే. పెద్దల గొంతు రికార్డు చేసే ముందు అడగాలి. వాళ్లు వద్దంటే వద్దు. పూజలో, పెర్సపేన్ ముందు పాడేవి, ఇంటి పేరుకి, గోత్రానికి సంబంధించినవి ఊరి పెద్దల అనుమతి లేకుండా బయట పెట్టకూడదు. ఇక రెండోది, పిల్లల ముఖాలు, పేర్లు, బడి వివరాలు ఇంటర్‌నెట్‌లో పెట్టకండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దీనికి భవనం అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. ఇంటర్, డిగ్రీ చదువుతున్న మీలో ఒక్కొక్కరు మీ బస్తీలో ఐదుగురు పిల్లలను పట్టుకోండి. ఆదివారం ఒక గంట చాలు. మొదట పది నిమిషాలు ఫోన్ మూసి, ప్రశ్న ఏమిటో తేల్చండి. తరువాత అరగంట పనులు. చివరి ఇరవై నిమిషాలు చెప్పడం, వినడం. మీరు పాఠం చెప్పకండి. పనులు సక్రమంగా మారుతున్నాయా, మౌనంగా ఉండే పిల్లకు వంతు వచ్చిందా అని మాత్రం చూడండి. ఆమె మాటకు మిగతా నలుగురూ ఆగి విన్న రోజు మాకు ఫోన్ చేసి చెప్పండి.