రోగిని మొదట అడుగవలసినది ఊరు కాదు
(కీసర పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



నేటి చర్చనీయాంశము వినుటకు శుష్కమైన కచేరీ వ్యవహారమువలె తోచును. ఎవడు స్థానికుడు, ఎవని వైద్యమునకు ఏ ఖజానా సొమ్ము చెల్లింపవలెను, ఇంతియే కదా యని మీరనవచ్చును. కాని రోగి దవాఖానా ద్వారమున పడియున్నవేళ ఈ నిబంధనయే వాని ప్రాణమునకు మేరయగుచున్నది.

మన పరిసరములనే చూడుడు. కీసర, శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతములందలి ఇటుక బట్టీలలోను, కర్మాగారములలోను, క్రొత్తగా లేచుచున్న మేడలకడను పనిచేయువారిలో అనేకులు పొరుగు రాష్ట్రములవారు. ఒడిశానుండి వచ్చు బట్టీ కూలీలు దసరా గడచిన పిమ్మట కుటుంబములతో వచ్చి, వానకాలమునకు ముందు మరలిపోవుదురు. వారి చెమట ఇచ్చటి గోడలలో నున్నది; వారి పేరు మాత్రము ఇచ్చటి కార్డులలో లేదు.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము తెల్ల రేషను కార్డును ఆధారముగా గైకొన్నది. పేదలకు అది మహోపకారమే. కాని కార్డు రాష్ట్రపు సరిహద్దుతో ముడివడినది. 2014 జూన్ 2న రాష్ట్రము రెండైనప్పుడు పథకమును రెండైనది. 2018లో కేంద్రము ఆయుష్మాన్ భారత్‌ను స్థాపించి, కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వఱకు వైద్యమును, అది ఏ రాష్ట్రమునందైనను చెల్లుననియు ప్రకటించెను. పెక్కు రాష్ట్రములలో వ్యయమున 60 పాళ్లు కేంద్రమును, 40 పాళ్లు రాష్ట్రమును భరించును. అయితే రాష్ట్రము చేరినగదా కార్డు చెల్లుట! తెలంగాణము 2021లో గాని, ఒడిశా 2025లో గాని అందు చేరలేదు. పెద్దల నడుమ ఒప్పందము కుదురులోపల బట్టీకూలికి ఆ సౌకర్యము అందని పండే అయ్యెను.

ఈ సంకుచితత్వము ఎంతదూరము పోగలదో 2021 మే మాసమున చూచితిమి. కరోనా రెండవ విజృంభణవేళ ఆంధ్రప్రదేశమునుండి హైదరాబాదునకు రోగులను తెచ్చు అంబులెన్సులను సరిహద్దు తనిఖీ కేంద్రములకడ నిలిపివేసిరి. ముందుగా అనుమతి పొందిననే రావలెనని ఉత్తరువు వెడలెను. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తరువు అమలును ఆపివేసినది. ఇది క్రొత్త ధర్మము కాదు. వంగదేశమున రైలునుండి పడి గాయపడిన శ్రామికుని పలు ప్రభుత్వ వైద్యశాలలు చేర్చుకొనకుండుటపై, అత్యవసర వైద్యమొసగుట రాజ్యాంగము 21వ అధికరణముననుసరించి ప్రభుత్వ విధియని సుప్రీంకోర్టు 1996లోనే తీర్పు చెప్పియుండెను.

ఆక్షేపణ కలదు. “మా పన్నులతో నిలుచు దవాఖానాలను ఊరివారందఱును నింపినచో మావారికి మంచమెచ్చట?” అని. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. కాని పన్ను నెవరు కట్టుచున్నారో విచారింపుడు. 2017 జులై 1నుండి అమలునందున్న వస్తుసేవా పన్నులో రాష్ట్రభాగము సరకు వినియోగమైన రాష్ట్రమునకే చెందును. ఒడిశా కూలి కీసర అంగడిలో సబ్బు కొన్నచో ఆ పన్నులో రాష్ట్రపు పాలు హైదరాబాదు ఖజానాకే చేరును. పన్ను గైకొనునప్పుడు అడుగని ఊరును మందిచ్చునప్పుడు మాత్రమే అడుగుట న్యాయమా?

ఇందు స్వార్థ దృష్టియు కలదు. సాధారణ క్షయకు ఆఱు నెలల చికిత్స వలయును. బట్టీ పని కాలమును రమారమి అంతియే. నడుమ మందు మానినచో, మందులకు లొంగని క్షయ ప్రబలవచ్చును. అది సోకునప్పుడు ఎవరి కార్డును పరీక్షింపదు.

ఇంగ్లండున 1662 నాటి చట్టము, తమపై భారముగా పరిణమింతురను శంకగల పేదలను వచ్చిన 40 దినములలోపల వారి పూర్వస్థానమునకు తఱిమివేయు అధికారమిచ్చెను. పుట్టు శిశువు తమ లెక్కలో పడునని గర్భిణులనుగూడ తఱిమిన గ్రామములు కలవు. మన మా బాట త్రొక్కనేల?

మార్గము లేకపోలేదు. 2019 ఆగస్టులో తెలంగాణాంధ్ర రాష్ట్రములు ఒకరి రేషను కార్డు మఱియొకరి అంగడిలో చెల్లునట్లు చేసికొన్నవి. అదే సంవత్సరము నవంబరు 1నుండి ఆంధ్రప్రదేశము తన ఆరోగ్యశ్రీని హైదరాబాదు, బెంగుళూరు, చెన్నపట్టణములందలి వైద్యశాలలకు విస్తరింపజేసెను. బియ్యము లెక్క సరిహద్దు దాటగలిగినప్పుడు మందు లెక్క దాటలేదా?

కావున మనము కోరవలసినవి మూడు. ప్రాణాపాయమున మొదట వైద్యము, పిదపనే కార్డు. రెండవది, ఖర్చులెక్క రోగి తలపైగాక ప్రభుత్వముల నడుమ తీరవలెను. మూడవది, దవాఖానాకు సిబ్బందిని, మందులను కేటాయించుటలో గ్రామమున నిజముగా నివసించువారినందఱిని లెక్కింపవలెను. మైదానమున 30,000 జనమునకొక ప్రాథమిక ఆరోగ్యకేంద్రమని నియమము. కాని 2011 జనగణన యంకెలతో నేటి కీసరను కొలుచుట, బాలుని చొక్కాను పెద్దవానికి తొడుగుటయే. బట్టీలు రాజుకొనునాటికే ఏటేట ఆ గుడిసెలను లెక్కించుట మన గ్రామ ఆరోగ్య సిబ్బందికి అసాధ్యము కాదు. ఆ లెక్క కావలెనని పట్టుబట్టుట ఈ ఊరి పౌరులమైన మన పని.