వయస్సు చూపుదాము, వివరాలు అప్పగించము



వయస్సు సరిచూడటం మనకు కొత్త పని కాదు. వేరే బెర్తు కోరనిచో, రైలులో 5 ఏండ్లు నిండని బిడ్డకు టిక్కెట్టు అక్కరలేదు. 5 నుండి 12 ఏండ్ల లోపు బిడ్డకు సగం ఛార్జీ చాలును. టిక్కెట్టు ఎగ్జామినరు బిడ్డను చూస్తాడు. అనుమానం కలిగితే కాగితం అడిగి, చూసి, తిరిగి ఇచ్చివేస్తాడు. ఆ బిడ్డ పేరు గాని, ఫొటో గాని ఏ రిజిస్టరుకూ ఎక్కదు. చూడటం వేరు, దాచుకొనటం వేరు. ఈనాడు మేము మీ ముందుంచదలచిన విషయానికి ఈ భేదమే మూలం.

ఇంటర్నెట్టులోని అశ్లీలం నుండి, మోసం నుండి పిల్లలను కాపాడటానికి అనేక ప్రభుత్వాలు వయస్సు ధ్రువీకరణను తప్పనిసరి చేస్తున్నవి. బ్రిటన్‌లో 2025 జూలై 25 నుండి అశ్లీల సైట్లు తమ సందర్శకుల వయస్సును నిర్ధారించుకొనవలసి వచ్చినది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్లు నిండనివారికి సామాజిక మాధ్యమాలలో ఖాతాలు లేకుండా చూసే బాధ్యత ఆయా సంస్థలపై పడినది. యూరోపియన్ కమిషన్ 2025 జూలై 14న ఒక యాప్ నమూనాను విడుదల చేయగా డెన్మార్క్, ఫ్రాన్స్, గ్రీసు, ఇటలీ, స్పెయిన్ మొదటి ప్రయోగానికి ముందుకు వచ్చినవి.

ఆశయం మంచిదే. పిల్లల తల్లిదండ్రులమైన మనం దానిని కాదనలేము. కాని మార్గం ఎట్టిది? 2025 అక్టోబరులో డిస్కార్డ్ సంస్థ, తనకు సేవలందించే మరొక కంపెనీ వద్ద జరిగిన చొరబాటులో దాదాపు 70,000 మంది గుర్తింపు పత్రాల ఫొటోలు బయటపడి ఉండవచ్చునని ప్రకటించినది. వయస్సు వివాదాలను తేల్చుకొనటానికి వాడకందారులు పంపిన పత్రాలవి. పాస్‌వర్డు పోతే మార్చుకొనవచ్చును. ముఖాన్ని, పుట్టిన తేదీని మార్చుకొనలేము.

యూరపు నమూనా ఇంతకంటె మేలైనది. పేరు, పుట్టిన తేదీ చెప్పకుండా “18 ఏండ్లు నిండినవి” అన్న ఒక్క జవాబునే సైటుకు అందించాలని దాని ఉద్దేశము. అయినను ప్రశ్నలు మిగిలే ఉన్నవి. ధ్రువపత్రం ఇచ్చిన కార్యాలయానికి, దానిని ఎక్కడ వాడుతున్నామో తెలియదని హామీ ఏమిటి? స్మార్ట్‌ఫోను లేని వృద్ధుడు, ఇంటిల్లిపాదికి ఒకే ఫోను ఉన్న కుటుంబం ఏమి చేయాలి? నేడు వయస్సు అడిగిన యాప్ రేపు ఊరు, ఉద్యోగం, యూనియను సభ్యత్వం అడగదని ఎవరు పూచీ?

ఈ అనుమానం అకారణమైనది కాదు. తపాలా సోదరులకు ఒక సంగతి గుర్తుండి ఉంటుంది. ఉత్తరాలను అడ్డగించే విస్తృతాధికారాన్ని ప్రభుత్వానికిచ్చే తపాలా సవరణ బిల్లును 1986లో పార్లమెంటు ఆమోదించినది. రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ దానికి సమ్మతి తెలుపలేదు. అది చట్టం కాలేదు. కాని 2024 జూన్ 18 నుండి అమలులో ఉన్న 2023 నాటి పోస్టాఫీసు చట్టంలోని 9వ సెక్షను, రాజ్య భద్రత, ప్రజాశాంతి వంటి కారణాలపై తపాలాను అడ్డగించి, తెరిచే అధికారాన్ని ఇస్తున్నది. అంటించిన కవరును భద్రంగా చేర్చటమే మన వృత్తిధర్మము. ఫోనులోని వివరము కూడ అంటించిన కవరు వంటిదే.

మన దేశంలో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పినది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 18 ఏండ్లు నిండనివారి వివరాలు వాడుటకు ముందు తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకొనవలెనన్నది. పిల్లవాడెవరో, తల్లి ఎవరో తేల్చాలంటే అందరి గుర్తింపూ అడుగవలసి వచ్చును. అదే చట్టంలోని 17వ సెక్షను, ప్రభుత్వ సంస్థలకు మినహాయింపునిచ్చే అధికారాన్ని కేంద్రానికి కట్టబెట్టినది. కంపెనీకి కళ్ళెం వేసి ప్రభుత్వానికి పగ్గం వదలివేస్తే విశ్వాసం ఎట్లు కలుగును?

ఈ భారం చివరకు మన కౌంటరు మీదనే పడుతుంది. 2025 జూలై నుండి తత్కాల్ టిక్కెట్టుకు ఆధార్ ధ్రువీకరణ వచ్చినది. పోస్టాఫీసులలో ఆధార్ పని సాగుతున్నది. వేలిముద్ర పడకపోయినా, ఓటీపీ రాకపోయినా ప్రజల ఆగ్రహం చవిచూచేది గుమాస్తాయే, గ్రామీణ డాక్ సేవకుడే. యాప్ రూపకర్త కాడు.

కావున మా కోరికలు ఇవి: వయస్సుకు మించి ఏమీ అడుగరాదు, సరిచూచిన వెంటనే వివరాలు చెరిపివేయాలి, యాప్ నిర్మాణం బహిరంగంగా ఉండాలి, స్వతంత్ర నిపుణుల తనిఖీ జరగాలి, ఫోను లేనివారికి మరొక మార్గం ఉండాలి, ప్రభుత్వానికి మినహాయింపు ఉండరాదు. ఇవి అసాధ్యాలు కావు. ప్రభుత్వ గుర్తింపు పత్రం ఒక్కటే మార్గమని సంస్థలు పట్టుబట్టరాదని ఆస్ట్రేలియా చట్టమే చెప్పుచున్నది.

ప్రతి శాఖ తన సర్వసభ్య సమావేశంలో ఈ కోరికలను చర్చించి, తీర్మానించి, సమాఖ్యకు పంపవలసినదిగా కోరుచున్నాము. బిడ్డల రక్షణకు, పౌరుల గోప్యతకు పోటీ పెట్టనక్కరలేదు. రెండింటినీ సాధించుకొనే బాధ్యత మనది.