దుకాణం ప్రారంభము – ఆహ్వాన పత్రిక



మన పిల్లలు కొందరు అప్పు చేసి, తల్లి నగలు కుదువబెట్టి దుకాణాలు తెరుస్తున్నారు. సంతోషమే. వారి ప్రారంభోత్సవపు కార్డుల గురించి రెండు మాటలు చెప్పదలచినాము.

హైదరాబాదు ఛత్తా బజారులో ఒకప్పుడు కాతిబులు కలంతో ఉర్దూ కార్డులు వ్రాసేవారు. 1994లో ఇన్‌పేజ్ వచ్చిన తర్వాత ఆ పని క్రమంగా కంప్యూటరుకు పోయింది. కార్డులోని మాటలు మాత్రం పాతవే. "బాద్ నమాజె అసర్" అని వేస్తారు. అసర్ వేళ ఎండాకాలం ఒకటి, చలికాలం ఒకటి. పక్క దుకాణం శెట్టిగారికి అది ఎట్లా తెలుస్తుంది? గడియారం వేళ కూడా వేయవలెను. హిజ్రీ తేదీ నెలవంకను బట్టి ఒకరోజు అటూ ఇటూ కావచ్చు. ఇంగ్లీషు తేదీ, వారము తప్పక ఉండాలి.

ఉర్దూ పంతుళ్ళమైన మేమే తెలుగు వేయమంటున్నామని ఆశ్చర్యపడకండి. ఉర్దూ మన ఇంటి భాష. ఒక పక్క నిండుగా, తప్పుల్లేకుండా ఉర్దూ వేయండి. రెండో పక్క తెలుగు ఉండాలి. సరుకు కొనేది అన్ని ఇండ్లవారూ గదా! పైగా ఇంగ్లీషు మీడియం చదివిన మన పిల్లల్లోనే చాలామంది ఉర్దూ మాట్లాడుతారు గాని చదువలేరు.

మెరుపుల కార్డు వద్దు. ఆ డబ్బు సరుకుమీద పెట్టండి. ఏమి అమ్ముతారో, ఏ సందులోనో, ఏ బస్టాపు దగ్గరో స్పష్టంగా వ్రాయండి. కార్డును ఇరుగుపొరుగు చేతికి స్వయంగా ఇచ్చి రండి. పిలిచినందుకు వచ్చినవారే రేపు గిరాకీగా వస్తారు.

సెలవు. ఖుదా హాఫిజ్.