కూలిన గోడ ఎవరు కట్టాలి?



కష్టమొస్తే మన పేటల్లో బైబిలు తెరుస్తాం. ఓర్చుకో, పరలోకంలో ఫలముందన్న మాటే ఎక్కువ వినబడుతుంది. ఓదార్పు వద్దని నేననను. కాని కూలిన బతుకును ఈ లోకంలోనే నిలబెట్టుకున్నవాళ్ల పుస్తకం కూడా అందులోనే ఉంది. అదే నెహెమ్యా.

యెరూషలేము గోడ కూలింది, గుమ్మాలు కాలాయి. నెహెమ్యా షూషను కోటలో అర్తహషస్త రాజుకు పానపాత్ర అందించే ఉద్యోగస్తుడు. కబురు విని ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. అక్కడితో ఆగాడా? లేదు. రాజు దగ్గర సెలవూ ఉత్తరాలూ తీసుకుని కదిలాడు. ఊరు చేరి ముందు ఉపన్యాసం ఇవ్వలేదు. రాత్రిపూట తిరిగి ఏది ఎంత కూలిందో కళ్లారా చూశాడు. మనమూ ఎవరి ఇల్లు పోయింది, ఎవరి పట్టా పోయింది, ఏ పిల్ల బడి మానింది అని ముందు రాసుకోవాలి.

మూడో అధ్యాయం పేర్ల పట్టీ అని దాటేస్తాం. దాటొద్దు. ఎవరింటి ఎదుట గోడ వాళ్లు కట్టారు. కంసాలులు కట్టారు, షల్లూము కూతుళ్లు కట్టారు. తెకోవ పెద్దమనుషులు మెడ వంచలేదు, అదీ రాసిపెట్టారు! నక్క ఎక్కితే పడిపోయే గోడ అని టోబీయా ఎగతాళి చేశాడు. బెదిరింపులొస్తే ఒక చేత్తో పని, ఒక చేత్తో ఆయుధం పట్టారు. మన ఆయుధం 1989 అట్రాసిటీ చట్టం, మన సంఘం.

అయిదో అధ్యాయం మరీ ముఖ్యం. గోడ కడుతుండగానే పేదలు మొరపెట్టారు. సొంత సోదరులే వడ్డీకిచ్చి పొలాలు తాకట్టు పట్టారు, పిల్లల్ని దాసులుగా చేసుకున్నారు. నెహెమ్యా తర్వాత చూద్దామనలేదు. సభ పెట్టి నిలదీశాడు, పొలాలు తిరిగి ఇప్పిస్తామని ఒట్టు పెట్టించాడు. తానైతే 12 ఏళ్లు అధికారి భత్యం ముట్టలేదు. మనలో మనకు వడ్డీ దోపిడీ ఉంటే, కొట్లాటలో నాయకుడి జేబు నిండుతుంటే ఏ గోడా నిలవదు. ఇది సరిచేసుకున్నాకే, 52 దినాల్లో వాళ్ల గోడ పూర్తయింది.

ఇది ఎక్కడి కథో కాదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. బతికినవాళ్లు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ ఊరికి మళ్లీ వెళ్లేది లేదన్నారు. చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టించుకున్నారు. సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. అన్నాళ్లూ కేసు వదల్లేదు, బతుకూ ఆపలేదు. ఇల్లు కట్టుకుంటే రాజీపడ్డట్టు కాదు. కేసు నడుస్తోందని పిల్లల చదువు ఆపక్కర్లేదు.

ప్రార్థన చేద్దాం. లేచాక తాపీ పట్టుకుందాం. మన ఇంటి ఎదుట మన వరస మనమే కడదాం!